చైను తెరవరాదు

సోమవారం, కొట్టు నుంచి

ఆసుపత్రి ఫిజియో డాక్టరమ్మగారికి,

టైలరు మాస్టారు ఒళ్ళు మండి రాయునది. ఇక్కడ నా కుడి మోకాలు తప్ప అందరం క్షేమం.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. పై అరలోని సూటు బట్ట తానుని అందుకోబోయి నిచ్చెన మీంచి జారి, మోకాట్లో లిగమెంటు తెంపుకున్న మనిషిని. పెద్ద డాక్టరుగారు ఆపరేషను చేసి దాన్ని సరిచేశారు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. కట్టు విప్పినప్పుడు కుట్లు చూశాను, సమానమైన దూరంలోనే పడ్డాయి.

కోపమంతా ఇంటికి పంపేటప్పుడు మీరు నా చేతిలో పెట్టిన కాగితం మీద. మీ సంతకం పైనున్న వాక్యానికి కింద రెండు గీతలు గీసి మరీ రాశారు: "ఆరు వారాల పాటు ఓపెన్ చైన్ వ్యాయామాలు బొత్తిగా చేయరాదు. క్లోజ్డ్ చైన్ మాత్రమే చేయాలి."

అమ్మా, నేను ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్యాంట్లు కుడుతున్నాను. ఈ వీధిలో సగంమంది మగాళ్ళ చైన్లు నా చేతుల్లో పడ్డవే. అలాంటివాణ్ణి పట్టుకుని, చైను తెరుచుకుని వ్యాయామం చెయ్యొద్దని కాగితం మీద రాసిస్తారా? ఆ రోజు మీ గదిలోకి వచ్చినప్పుడు నా చైను తెరిచి ఉందా? ఉంటే మెల్లగా చెప్పాలి. లేదంటే దగ్గాలి. మర్యాదస్తులు దగ్గుతారు. మా ఆవిడని అడిగాను. "ఆ రోజు మీరు వేసుకున్న ప్యాంటుకి చైనే లేదు, గుండీలు" అంది. మరి దీనికేమంటారు?

మీ కాగితాన్ని మా పక్క ఇస్త్రీ కొట్టతను కూడా చదివాడు. చదివి, నా నడుం వైపు చూశాడు. నలుగురిలో తిరిగే మనిషిని, నా పరువు ఏమైనట్టు?

ఫోను చెయ్యొచ్చుగా అంది మా ఆవిడ. ఫోనులో కోప్పడితే గాల్లో కలిసిపోతుంది. కాగితం మీద కోప్పడితే మీ ఫైల్లో ఉంటుంది.

ఇట్లు,
ఏనాడూ చైను మరవని
టైలరు మాస్టారు

తా.క. ఇంట్లో నేను పైజామా వేసుకుంటాను. దానికి చైను ఉండదు, బొందు ఉంటుంది. బొందు గురించి మీ కాగితంలో ఒక్క ముక్క లేదు. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలి?


గురువారం, వ్యాయామ గది

టైలరు మాస్టారుగారికి,

మీ ఫిజియోథెరపిస్టు నమస్కరించి రాసేది. ముందుగా క్షమించండి. మీ ఉత్తరం చదివి నేను నవ్వలేదు. మా నర్సు నవ్వింది, ఆమె తరఫున కూడా క్షమించండి. ఇంకోమాట, నేను డాక్టర్ని కాదు.

మాస్టారూ, ఆ చైను ప్యాంటు చైను కాదు. గొలుసు. తుంటి, మోకాలు, చీలమండ ఒకదానికొకటి తగిలించిన గొలుసు లాంటివి. పాదం నేలకి గట్టిగా ఆనించి ఉంటే గొలుసు కింది కొసని కట్టేసినట్టు. అది క్లోజ్డ్ చైన్. గోడకి వీపు ఆనించి సగం కూర్చున్నట్టు నిలబడటం, మెట్టు ఎక్కి దిగడం, మడమలు ఎత్తి దించడం అలాంటివి. అప్పుడు తొడ ముందు కండా, వెనక కండా కలిసి రెండు వైపులా మోకాలిని పట్టుకుంటాయి. అదే కుర్చీలో కూర్చుని, పాదం గాల్లో ఉంచి, కాలు ముందుకి చాపారనుకోండి, కింది కొస విడిగా ఉంటుంది. అది ఓపెన్ చైన్. అప్పుడు ముందు కండ ఒక్కటే లాగుతుంది. ఆ లాగుడు కొత్తగా వేసిన లిగమెంటు మీద పడుతుంది. అందుకే వద్దన్నాను.

కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఆరు వారాల పాటు మీ కుడి పాదం నేలని వదలకూడదు. దీనితో ఒక పట్టిక పంపుతున్నాను. రోజుకి మూడు పూటలు, చేసిన పూటకల్లా ఒక టిక్కు పెట్టండి.

ఇట్లు,
మీ మోకాలి మేలు కోరే
ఫిజియోథెరపిస్టు

తా.క. పైజామా బొందు జారకుండా కట్టుకుంటే చాలు. వైద్యశాస్త్రం దాని జోలికి రాదు.


ఆదివారం, కొట్టు లోపలి నుంచి (బయటికి రాలేను గనక)

ఫిజియో అమ్మగారికి,

టైలరు మాస్టారు రాయునది. గొలుసు అని మొదటే రాస్తే నా మొదటి ఉత్తరం ఖర్చు తప్పేది. ఆ కోపం వెనక్కి తీసుకుంటున్నాను. దాని స్థానంలో కొత్తది పంపుతున్నాను.

పాదం నేలని వదలకూడదన్నారు. సరే అన్నాను. మాటంటే మాటే. శుక్రవారం పొద్దున్నించి కుడి పాదం ఎత్తలేదు. నేల మీద ఈడ్చుకుంటూనే నడుస్తున్నాను, ఇస్త్రీ పెట్టె బట్ట మీద జరిపినట్టు. గడప దగ్గర ఆగిపోయాను. అది రెండంగుళాల ఎత్తు. పాదం ఎత్తకుండా దాటే మార్గం మీరు రాయలేదు. ఇల్లు మేడ మీద, కొట్టు కింద. మెట్లు పద్నాలుగు. మూడు రోజులుగా నా భోజనం కిందికే వస్తోంది.

పోనీ ప్యాంటు మారుద్దామంటే పాదం ఎత్తందే కాలు దూరదు. తల మీంచి తొడుక్కునే ప్యాంటు నేనింతవరకు కుట్టలేదు.

ఇంతవరకూ పడ్డాను. నిన్న ఇస్త్రీ కొట్టతను నా నడక చూసి, నాకు పక్షవాతం వచ్చిందని వీధంతా చెప్పాడు. సాయంత్రానికి మా బావమరిది పండ్ల బుట్టతో దిగాడు. దిగుతూనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నోరు పని చేస్తోందా బావా?" అన్నాడు. నా నోరు పని చేస్తోందని అతనికి వెంటనే తెలిసింది.

అసలు దెబ్బ అది కాదు. బడి బ్యాండు పిల్లలకి ముప్పై జతల యూనిఫాం కుట్టాలని బట్ట నా దగ్గరుంది. రెండున్నర నెలల్లో వాళ్ళ ప్రదర్శన. వాళ్ళ డ్రిల్లు మాస్టారు గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, "ఆరోగ్యం చూసుకోండి మాస్టారూ, కావాలంటే బట్ట వెనక్కి తీసుకెళ్తాం" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో కత్తెర పడని బట్ట నా కొట్లోంచి వెనక్కి పోలేదు. ఇప్పుడు పోతే మీ ఒక్క వాక్యం వల్ల పోతుంది.

ఇట్లు,
నోరు, చేతులు, ఎడమ కాలు సవ్యంగా ఉన్న
టైలరు మాస్టారు

తా.క. నిన్న మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పాదం నేల మీదే ఉంచాను, మిగతా నేను మంచం మీద ఉన్నాను. మా ఆవిడ నేను పడిపోతున్నాననుకుని పైకి లాగింది. నియమం తప్పింది, సుమారు ఒక నిమిషం. రాసుకోండి.


మంగళవారం, వ్యాయామ గది

మాస్టారుగారికి,

తప్పు నాదే. పాదం నేలని వదలకూడనిది వ్యాయామం చేసేటప్పుడు మాత్రమే. వ్యాయామం చేసేటప్పుడు మాత్రమే. రెండుసార్లు కావాలనే రాశాను. నడవండి, గడప దాటండి, ప్యాంటు మార్చుకోండి, మంచం మీద పూర్తిగా పడుకోండి.

గోడ వ్యాయామం మాత్రం మానొద్దు. వీపు గోడకి ఆనించి, మోకాళ్ళు కొద్దిగా వంచి, ఇరవై సెకన్లు. మెట్టు వ్యాయామం పదిసార్లు. పడుకుని మడమ జరిపేవి పట్టికలో ఉన్నట్టే చెయ్యండి. రోజూ మూడు పూటలు.

కాలి కుట్టు మిషను తొక్కడం ఆరో వారం నేను చూసేదాకా వద్దు.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. మీ బావమరిదిగారికి నా తరఫున నమస్కారాలు చెప్పండి. పండ్లు మంచివే, తినండి.


శుక్రవారం, కొట్టు

ఫిజియో అమ్మగారికి,

టైలరు మాస్టారు రాయునది. నడుస్తున్నాను. గడప దాటాను. మీ పట్టికలో ఒక్క గడి ఖాళీ లేకుండా టిక్కులు పడుతున్నాయి. మా ఇంట్లో వ్యాయామం గడియారం కొట్టినట్టు జరుగుతోంది. నకలు ఇందులో పెట్టాను, చూసుకోండి.

కానీ రెండు సంగతులు నాకు మింగుడు పడటం లేదు.

మొదటిది గోడ. గోడకి ఆని, కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచాలి. కుర్చీ ఉండదు. బతుకంతా స్టూలు మీద కూర్చుని గడిపిన మనిషిని లేని కుర్చీలో కూర్చోమనడం ఏం న్యాయం? నా కొట్లోనే మూడు కుర్చీలున్నాయి. ఒకటి పంపమంటే ఆసుపత్రికి కూడా పంపుతాను.

రెండోది మిషను. వద్దని ఒక్క ముక్కలో కొట్టేశారు. మీ శాస్త్రం ప్రకారమే అడుగుతున్నాను. మిషను తొక్కేటప్పుడు నా పాదం గాల్లో ఉండదు, పెడలు మీద ఆని ఉంటుంది. అంటే మూసిన గొలుసు. కానీ ఆ పెడలు కదులుతూ ఉంటుంది, నేల కదలదు. అంటే తెరిచిన గొలుసు. పైగా మడమ దిగినప్పుడు ఒకలా, వేళ్ళు దిగినప్పుడు ఇంకోలా బరువు పడుతుంది. ఇది ఏ చైను? తెరిచిందా, మూసిందా, సగంలో ఇరుక్కుందా? సగంలో ఇరుక్కున్న చైన్లు నేను చాలా బాగుచేశాను, మీరు ఎలా బాగుచేస్తారో చూస్తాను.

జవాబు తెలియకుండా వద్దనడం అన్యాయం. నా పనిలో కొలత తీసుకోకుండా "మీకు పట్టదు" అని ఎవరితోనూ అనలేదు.

ఇట్లు,
జవాబు కోసం చూస్తున్న
టైలరు మాస్టారు

తా.క. ముప్పై జతలూ కత్తిరించి పెట్టాను. కత్తిరింపుకి మోకాలితో పని లేదు. ఇప్పుడు బట్ట వెనక్కి తీసుకెళ్దామన్నా అది బట్టలా లేదు.


బుధవారం, వ్యాయామ గది

మాస్టారుగారికి,

మీ ప్రశ్న వల్ల ఇక్కడ నాలుగు రోజులుగా పని జరగడం లేదు.

నాకు తెలిసిందని అనుకుని జవాబు రాయడం మొదలుపెట్టాను. సగంలో తెలియదని తెలిసింది. మా పెద్ద సారుని అడిగాను. ఆయన మూసిన గొలుసన్నారు. పక్క గది సారు తెరిచిందన్నారు. ఇద్దరూ పుస్తకాలు తెచ్చారు. సైకిలు తొక్కడం గురించే పుస్తకాలు ఒకదానితో ఒకటి పడవు, ఇక కుట్టు మిషను ఎవరికి పట్టింది? నిన్న ఇద్దరూ మాట్లాడుకోలేదు, టీ కూడా వేరే వేరే బల్లల దగ్గర తాగారు. ఒక నర్సు వాళ్ళ అమ్మ పాత మిషను తెచ్చి గది మధ్యలో పెట్టింది. పెద్ద సారు కూర్చుని తొక్కారు, దారం చుట్టుకుపోయి సూది విరిగింది. గొలుసు సంగతి తేలలేదు.

కాబట్టి నేనే తేలుస్తున్నాను. పేరు ఏదైనా, మీ మోకాలు తట్టుకుంటే తొక్కుతారు. తట్టుకుంటుందో లేదో ఆరో వారం చూస్తాను. మీ పట్టిక చూస్తే నాకు చాలా ధైర్యంగా ఉంది. ఇంత శ్రద్ధగా చేసిన పేషెంటు ఈ ఏడాది ఇంకెవరూ లేరు. మీ పట్టిక మా గోడ మీద అంటించాను, మిగతావాళ్ళు చూసి నేర్చుకుంటారని.

ఇట్లు,
ఫిజియోథెరపిస్టు

తా.క. విరిగిన సూది ఏ నంబరుదో ఎలా తెలుసుకోవాలి? నర్సు వాళ్ళ అమ్మగారు అడుగుతున్నారు. గట్టిగానే అడుగుతున్నారు.


శనివారం, కొట్టు

ఫిజియో అమ్మగారికి,

టైలరు మాస్టారు ఇంతకుముందు పడిన కోపాలన్నీ కలిపినా సరిపోని కోపంతో రాయునది.

నిన్న మీరు నాకు చేసిన అవమానం మీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. ఆరు వారాలు నిండాయని ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని మీ గదికి వచ్చాను. మీరు నన్ను బల్ల మీద పడుకోబెట్టి రెండు తొడలకీ టేపు చుట్టారు. ఎడమది యాభై సెంటీమీటర్లు, కుడిది నలభై అయిదు. పాత కాగితం తీశారు. దాంట్లోనూ కుడిది నలభై అయిదే. మళ్ళీ చుట్టారు. ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడ్డాను. మోకాలు లోపలికి వంగింది, మీ చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు మీరు గోడ మీది నా పట్టిక వైపు చూసి, "మాస్టారూ, ఇది వ్యాయామం చేసిన కాలు కాదు" అన్నారు. ఎదురుగా ఇద్దరు పేషెంట్లు కూర్చుని ఉండగా!

కొలత గురించి నాతో మాట్లాడకండి. బట్ట టేపు పాతబడితే సాగుతుంది, నంబర్లు తగ్గి చూపిస్తుంది. మీ టేపు సాగిందేమోనని ఇంటికి రాగానే ఇనప స్కేలు పక్కన పెట్టిన నా టేపుతో కొలుచుకున్నాను. ఎడమది యాభై. కుడిది నలభై అయిదు. మీ టేపు సరైనదే. ఈ వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

కానీ పట్టిక కూడా సరైనదే! అందులో ఒక్క దొంగ టిక్కు లేదు. మా ఇంట్లో జరగని వ్యాయామానికి టిక్కు పడలేదు. నేను అబద్ధాలకోరుని కాను.

ఇక ఓపెన్ చైన్ సంగతి. మొదట తెరవొద్దన్నారు, ఊరుకున్నాను. ఆరు వారాల తరవాత తెరవనిస్తామన్నారు, ఆశపడ్డాను. నిన్న "ఇప్పుడే తెరవనివ్వను" అన్నారు. మిషను కూడా వద్దన్నారు. నెలలో బ్యాండు ప్రదర్శన. ముప్పై జతలు కత్తిరించి కట్టలు కట్టి ఉన్నాయి. వాటికి నేనేం చెప్పాలి?

ఇట్లు,
నలభై అయిదు సెంటీమీటర్ల
టైలరు మాస్టారు

తా.క. సూది పదహారో నంబరు. కోపం మీ మీద, నర్సు వాళ్ళ అమ్మగారి మీద కాదు.


సోమవారం, వ్యాయామ గది

మాస్టారుగారికి,

ఈసారి కోపం నాది. ఇద్దరి ముందు అనడం తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ అన్న మాట తప్పు కాదు.

ఆరు వారాలు, రోజుకి మూడు. నూట ఇరవై ఆరు టిక్కులు. అబద్ధం లేదంటున్నారు. మీ మాట నమ్ముతాను. అంటే ఆ వ్యాయామం చేసిన కాలు ఎక్కడో ఒకచోట ఉండాలి. అది మీ కుడి కాలు మాత్రం కాదు. మీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. ఏ ఉత్తరంలోనూ "నేను చేశాను" అన్న మాట లేదు.

చుట్టూ తిప్పకుండా రాయండి. గోడకి ఆనింది ఎవరు?

ఫిజియోథెరపిస్టు

తా.క. మీ పట్టిక గోడ మీంచి తీసేశాను.


ఆదివారం, కొట్టు

అమ్మాయీ,

టైలరు మాస్టారు రాయునది. ఇంతవరకు "అమ్మగారు" అన్నాను. ఇంత సూటిగా కోప్పడేవాళ్ళు నాకు ఇంట్లో వాళ్ళే. ఇకనించి నువ్వే అంటాను.

గోడకి ఆనింది మా ఆవిడ.

కాగితం చింపెయ్యకు, పూర్తిగా చదువు. మా కొట్లో పని పంచుకునే పద్ధతి కొన్నేళ్ళుగా ఒకటే. కొలత, కత్తిరింపు, మిషను నావి. కాజాలు, గుండీలు, అంచులు మడిచి కుట్టడం ఆవిడవి. ఎవరు ఏది కుట్టినా బట్ట మీద పేరు నాదే. వ్యాయామం కూడా అలాగే పంచుకున్నాం. పడుకుని చేసేవి నేను చేశాను. గోడ, మెట్టు వచ్చేసరికి, ఎలా చెయ్యాలో నువ్వోసారి చేసి చూపించమన్నాను. చూపించింది. నేను కుర్చీలో కూర్చుని తప్పులు దిద్దాను, అంకెలు లెక్కపెట్టాను, టిక్కు పెట్టాను. మర్నాడు మళ్ళీ చూపించమన్నాను. అలా ఆరు వారాలు చూపించింది. పని జరిగింది కదా, టిక్కు పడింది కదా అనుకున్నానే గాని, నా కాలి పని ఆవిడ కాలితో అవదని తట్టలేదు. పక్కవాడు తింటే నా కడుపు నిండదని మాత్రం నాకు తెలుసు. ఇది ఎందుకు తెలియలేదో తెలియదు.

నీ ఉత్తరం తెచ్చి ఆవిడకి చదివి వినిపించాను. విని మేడ మీదికి వెళ్ళింది. తరవాత బట్టల మూట ఎత్తుకుని మేడ మీంచి దిగింది. నేను కింద నిలబడి చూస్తున్నాను. తిన్నగా దిగింది. ముందుకి చూస్తూ, మెట్ల కమ్మీ పట్టుకోకుండా, పద్నాలుగు మెట్లూ.

అమ్మాయీ, ఎనిమిదేళ్ళుగా ఆవిడ పక్కకి తిరిగి దిగేది. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి. అది ఆవిడ అలవాటనుకున్నాను. అంతకుముందు రెండో మిషను మీద తనూ కుట్టేది. ఒకరోజు మానేసి గుండీల దగ్గర కూర్చుంది. విసుగనుకున్నాను. మోకాళ్ళ నొప్పట. నాకెందుకు చెప్పలేదని ఒళ్ళు మండి అడిగాను. "మీరు అడిగారా?" అంది. ఊరందరి మోకాళ్ళ చుట్టూ టేపు చుట్టినవాణ్ణి, ఇంట్లో మోకాళ్ళు ఎలా ఉన్నాయని ఒక్కనాడూ అడగలేదు. నాలుగో రోజుకే నొప్పి తగ్గడం మొదలైందిట. అందుకే చూపించమన్నప్పుడల్లా ఎదురు చెప్పకుండా గోడ దగ్గరికి వెళ్ళేది. నేనేమో నా మీద భక్తి అనుకున్నాను.

ఇప్పుడు మిషను మీద ఆవిడ ఉంది. ఈ వారంలో తొమ్మిది జతలు అయ్యాయి. డ్రిల్లు మాస్టారు వచ్చి కుట్టు చూసి, "ఈసారి ఇంకా బాగుంది మాస్టారూ" అని నాతో అన్నాడు. నేను ఆవిడ వైపు చూపించాను. గుండీల దగ్గర నేనున్నాను. కాజా చుట్టూ దారం సమానంగా తిప్పడం ఎంత కష్టమో, అది రోజుకి నలభై చేస్తే వేళ్ళు ఎలా ఉంటాయో ఈ వయసులో తెలుసుకున్నాను. రెండు కాజాలు విప్పి మళ్ళీ కుట్టమంది. కుట్టాను. ఈ ముప్పై జతల లోపల, నడుం పట్టీకి వెనక, ఆవిడ పేరే కుట్టిస్తున్నాను.

వచ్చే గురువారం ఇద్దరం వస్తాం. ఆవిడ రెండు మోకాళ్ళూ చూసి కొత్త కాగితం రాయి. నాకు మళ్ళీ మొదటి కాగితమే ఇవ్వు, మొదటి వారం నుంచి. పట్టిక గోడ మీద పెట్టు. పేరు మార్చి పెట్టు.

ఇట్లు,
కోప్పడ్డానికి తను తప్ప ఎవరూ మిగలని
టైలరు మాస్టారు

తా.క. అమ్మా, ఇది నేను, ఆయన భార్యని. ఆయన ఇప్పుడు గోడ దగ్గర ఉన్నారు. నువ్వు ఇరవై సెకన్లని రాశావు. లెక్క నేను పెడుతున్నాను. ఈ నాలుగు ముక్కలూ రాసేలోపు ఇరవై ఎప్పుడో దాటాయి, ఆయనకి మాత్రం పదకొండే అయ్యాయని చెప్పాను.